పాట ఒకటి, కాపీరైట్లు రెండు

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మనం వినే పాట ఎవరిది? పాడినవాళ్ళదా, రాసినవాళ్ళదా, రికార్డు చేయించిన కంపెనీదా? ఎం.పి.3 బిట్‌రేటు గురించి గంటసేపు వాదించగల మన సాఫ్టువేరు మిత్రులు కూడా ఇక్కడ కాస్త తడబడతారు. నిజానికి జవాబు మనకి బాగా అలవాటైన పరిభాషలోనే ఉంది. కంట్రీ సంగీతంతో మొదలైన టేలర్ స్విఫ్ట్ ప్రస్థానాన్ని ఉదాహరణగా తీసుకుని దాన్ని వివరిస్తాను.

1. సోర్సు, బిల్డు

అమెరికా చట్టం ప్రకారం రికార్డయిన పాటలో రెండు వేర్వేరు కాపీరైట్లు ఉంటాయి. మొదటిది రచనది, అంటే సాహిత్యం, బాణీ కలిసినది. ఇది పాట కట్టినవాళ్ళకి పుడుతుంది. దీని వ్యవహారాలు సాధారణంగా పబ్లిషరు చూస్తాడు. రెండవది ఆ రచనని స్టూడియోలో పాడి పట్టిన శబ్దానిది. దీన్నే వాడుకలో మాస్టరు అంటారు. ఇది మామూలుగా పెట్టుబడి పెట్టిన రికార్డు కంపెనీ చేతిలో ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే రచన సోర్సుకోడు, మాస్టరు దాన్నించి తీసిన ఒకానొక బిల్డు. గొంతులో ఉండే కళ కంపైలరులో ఉండదు కనుక ఈ పోలిక అన్ని చోట్లా అతకదు. కాని సొంతదారు ఎవరన్న విషయంలో బాగానే పనికొస్తుంది.

డేటాబేసు దృష్టితో చూస్తే ఇవి రెండు టేబుళ్ళు. రచనకి ఐ.ఎస్.డబ్ల్యు.సి. అనే గుర్తు ఉంటుంది: ముందు 'టి' అక్షరం, తరువాత తొమ్మిది అంకెలు, చివర ఒక చెక్ డిజిట్. రికార్డింగుకి 12 స్థానాల ఐ.ఎస్.ఆర్.సి. ఉంటుంది. ఒక రచనకి ఎన్ని రికార్డింగులైనా ఉండవచ్చు, అంటే వన్-టు-మెనీ సంబంధం అన్నమాట. ఈ రెండు టేబుళ్ళకీ జాయిన్ కుదరకపోతే పాట లక్షసార్లు మోగినా రాసినవాళ్ళ వాటా దారి తప్పుతుంది. 2018 నాటి మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం ఈ పని కోసమే ఒక సంస్థకి వీలు కల్పించింది. అది 2021 జనవరి నుంచి స్ట్రీమింగు కంపెనీలకి లైసెన్సులిస్తూ, వినబడిన రికార్డింగు ఏ రచనదో జతపరిచి సొమ్ము పంచుతోంది.

2. డబ్బు ఎటు పారుతుంది?

అమెరికాలో ఎ.ఎం., ఎఫ్.ఎం. రేడియోలు పాట వేస్తే రచయితకి డబ్బొస్తుంది. ఆస్కాప్, బి.ఎం.ఐ. వంటి సంస్థలు వసూలు చేసి పంచుతాయి. చట్టప్రకారం అదే ప్రసారానికి గాయనికి గాని, మాస్టరు సొంతదారుకి గాని ఏమీ ఇవ్వక్కర లేదు! ఇక సీడీ లేదా డౌన్‌లోడు అమ్ముడైతే, ఐదు నిమిషాల లోపు పాటకి రచన వాటాగా 2006 నుంచి 2022 దాకా 9.1 సెంట్లు దక్కేవి. 2023లో అది 12 సెంట్లయింది.

కంట్రీ సంగీతం రేడియో మీద పెరిగిన సంగీతం. దాని కేంద్రమైన నాష్‌విల్‌లో గాయకులకి ఎంత పేరుందో రచయితలకీ అంత గౌరవం ఉండడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ 1982లో మొదలైన బ్లూబర్డ్ కఫేలో పట్టేది సుమారు తొంభై మందే. గది మధ్యలో రచయితలు వలయంగా కూర్చుని ఎవరి పాట వారు పాడి వినిపిస్తారు.

3. ముందు రచయిత, తరువాత గాయని

1989లో పెన్సిల్వేనియాలో పుట్టిన టేలర్ కోసం ఆమె కుటుంబం నాష్‌విల్ దగ్గరి హెండర్సన్‌విల్‌కి మకాం మార్చింది. మొదట ఆర్.సి.ఏ. సంస్థతో కుదిరిన ఒప్పందంలో ఆల్బం బయటికి వచ్చే సూచన కనబడక ఆమె దాన్ని వదులుకుంది. ఇంకా హైస్కూలు వయసులోనే సోనీ/ఏటీవీ అనే పబ్లిషరు దగ్గర పాటల రచయితగా చేరి, బడి అయ్యాక లిజ్ రోజ్ వంటి అనుభవజ్ఞులతో కూర్చుని పాటలు కట్టేది. బ్లూబర్డ్‌లో ఆమె పాట విన్న స్కాట్ బోర్చెటా తన కొత్త సంస్థ బిగ్ మెషీన్‌లోకి తీసుకున్నాడు. 2006 అక్టోబరులో తొలి ఆల్బం వచ్చింది. అందులో ప్రతి పాటకీ ఆమె రచయిత్రో, సహరచయిత్రో. 2010లో వచ్చిన 'స్పీక్ నౌ' పాటలన్నీ ఒంటరిగా రాసింది.

కొత్తవాళ్ళ ఒప్పందాల్లో మామూలే కనుక మాస్టర్లు మాత్రం కంపెనీవి.

4. మళ్ళీ బిల్డు చెయ్యడం

2018 నవంబరులో ఆమె ఆ సంస్థని వదిలి, ఇకపై మాస్టర్లు తనవే అన్న షరతుతో యూనివర్సల్‌లో చేరింది. 2019 జూన్‌లో బిగ్ మెషీన్ అమ్ముడుపోయింది. మొదటి ఆరు ఆల్బముల మాస్టర్లూ దానితో పాటే చేతులు మారి, 2020లో షామ్‌రాక్ అనే పెట్టుబడి సంస్థకి చేరాయి. ఆమె అభ్యంతరం చెప్పింది గాని ఆపలేకపోయింది. బిల్డులు ఆమెవి కావు మరి.

కాని సోర్సు ఆమె దగ్గరుంది. ఇక్కడొక మెలిక గమనించాలి. ఒకసారి విడుదలైన పాటని చట్టం నిర్ణయించిన రేటు కట్టి ఎవరైనా మళ్ళీ పాడి రికార్డుగా అమ్ముకోవచ్చు. సినిమాకి, ప్రకటనకి వాడాలంటే మాత్రం రెండు తాళంచెవులూ కావాలి: మాస్టరు సొంతదారు అనుమతి, రచన హక్కుదారుల అనుమతి. కనుక ఆమె ఒప్పుకోకపోతే పాత మాస్టరు ఆ బజారులో చెల్లదు. తిరిగి రికార్డు చెయ్యకూడదన్న ఒప్పందపు గడువు తీరగానే, 2021లో రెండు, 2023లో రెండు, మొత్తం నాలుగు ఆల్బములు మళ్ళీ పాడి విడుదల చేసింది. చివరికి 2025 మేలో పాత మాస్టర్లని కూడా కొనేసుకున్నట్టు ప్రకటించింది.

5. ఇది మనకెందుకు?

మన పిల్లల్లో కూడా గిటారు పట్టి సొంత పాటలు కట్టేవాళ్ళు ఉన్నారు. నా మిత్రుడొకాయన హైస్కూలు చదివే కూతురికి వచ్చిన ఒప్పందం నాకు పంపి, "నువ్వు చదివి చెప్పవయ్యా" అన్నాడు. పన్నెండు పేజీల్లో ఎక్కడో మధ్యన, ఆ అమ్మాయి ఇంతవరకు రాసినవి, ఇక ముందు రాయబోయేవి అన్నీ కంపెనీకే చెందుతాయని ఒక్క వాక్యం ఉంది. నేను లాయరుని కాను. ఆ వాక్యం కింద గీత గీసి లాయరు దగ్గరికి పంపాను. ఆయన దాన్ని కొట్టేసి తిప్పి పంపించాడు. కంపెనీ ఇంకా ఏమీ తేల్చలేదు, అమ్మాయి ఇంకా సంతకం పెట్టలేదు.

ఇండియాలో 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించి, సినిమా పాటల రచయితలు, స్వరకర్తలు హాలు బయటి వాడకానికి వచ్చే రాయల్టీని వదులుకున్నట్టు సంతకం చేసినా చెల్లదన్నారు. అమెరికాలో ఇంత రక్షణ లేదు. ఉద్యోగంలో భాగంగా మనం రాసే కోడు యజమానిదేనని మనకి తెలుసు, జీతం పుచ్చుకునే ఒప్పుకుంటాం. పదహారేళ్ళ పిల్లకి ఆ సంగతి తెలియదు. కనుక మీ ఇంట్లోకి అలాంటి కాగితం వస్తే మూడు ప్రశ్నలు అడగండి: రచన ఎవరిది? మాస్టరు ఎవరిది, ఎన్నాళ్ళు? మళ్ళీ రికార్డు చెయ్యడానికి ఎన్నేళ్ళు ఆగాలి? మూడింటికీ జవాబు కాగితం మీద కనబడేదాకా కలం తీయనివ్వకండి.