ముందున్న సున్న: ఫైళ్ల అనుమతులు, పీహెచ్‌పీ

యాంగోన్‌కు నది ఆవలి ఒడ్డున, కుండల తయారీకి పేరొందిన ట్వంటే అనే ఊరున్నది. అక్కడి ఒక తెలుగు కుటుంబం, 1942 నాటి యుద్ధకాలపు వలసలలోనూ పోగొట్టుకోని తాతగారి ఛాయాచిత్రాలను ఖండాంతరాలలోని బంధువుల కొరకు వెబ్‌సైటులో ఉంచినదనుకుందాం. వాటిని చూడగలవారెవరు, మార్చగలవారెవరు అన్నది సర్వరులో ప్రతి ఫైలుకూ ఉండే అనుమతి సంఖ్యపై ఆధారపడుతుంది.

1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్ సంప్రదాయంలో యజమాని, అతని బృందం, ఇతరులు అని మూడు వర్గాలు. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి 1. వీటిని ఎలా కూడినా మొత్తం 7 దాటదు; అందుకే ఇక్కడ లెక్క అష్టాంశ పద్ధతిలో సాగుతుంది. 644 అంటే యజమాని చదివి వ్రాయవచ్చు, తక్కినవారు చదవడం మాత్రమే.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ లోకానికందించిన పీహెచ్‌పీ భాషలో ఈ సంఖ్యను మార్చే ఆదేశం ‘సీహెచ్‌మాడ్’. దానికి ఫైలు పేరు, సంఖ్య ఇవ్వాలి. ముందు సున్న పెట్టి 0644 అంటేనే అష్టాంశ సంఖ్య. ఒట్టి 644 అంటే దానిని దశాంశ సంఖ్యగా గ్రహిస్తుంది; అది అష్టాంశంలో 1204. అప్పుడు యజమానికి దక్కేది 2, అంటే వ్రాయడమే. తన చిత్రాన్ని తానే చదవలేడు! ప్రమాణం పేర్కొనని గాఢత వంటిదే ఈ సంఖ్య. పైగా ఆదేశం నెరవేరినట్లే జవాబు వస్తుంది. 2021లో వెలువడిన 8.1 కూర్పు నుండి సున్న పక్కన ‘ఓ’ అక్షరం చేర్చి స్పష్టంగా వ్రాసే వీలు కలిగింది.

బొమ్మ కనబడకపోతే చాలామంది చేసే పని, ఫైలుకూ ఫోల్డరుకూ 0777 ఇచ్చివేయడం. ఇది సత్రం తలుపు తెరచినట్లే. ఇక్కడొక వింత ఉన్నది: ఫైలును తొలగించే అధికారం ఫైలుది కాదు, అది ఉన్న ఫోల్డరుది. ఫైలుకు 0644 ఉన్నా ఫోల్డరుకు 0777 ఉంటే, అదే సర్వరుపై ఖాతా గల మరొకరు తాతగారి చిత్రాన్ని తుడిచివేయవచ్చు. ఫోల్డరుకు సాధారణంగా 0755 చాలును. అక్కడ 1 అంటే లోనికి ప్రవేశించే హక్కు.

సరియైన సంఖ్య ఇచ్చినా ఆదేశం విఫలమైతే, ఆ ఫైలు యజమాని వేరని అనుమానించాలి. పీహెచ్‌పీ ఏ ఖాతా పేరున నడుస్తున్నదో ఆ ఖాతాకు చెందిన ఫైళ్లనే మార్చగలదు. అటువంటప్పుడు సంఖ్యను పెంచి లాభం లేదు; యాజమాన్యం మార్చమని సర్వరు నిర్వాహకులను కోరాలి.