పనిచక్రమునకు ముందు ప్రణాళిక

కృష్ణా డెల్టాలో నారుమళ్ళకు నీరు విడుచుటకు ముందే ప్రకాశం బ్యారేజి వద్ద ఎంత నీరున్నది, ఎగువ నుండి ఎంత రాగలదు, ఏ కాలువకు ఎంత వదలవలెను అను లెక్క కట్టుదురు. 1957లో పూర్తియైన ఆ బ్యారేజి క్రింద సుమారు 13 లక్షల ఎకరముల ఆయకట్టు గలదు. అది నిలువ చేయగల నీరు మాత్రము సుమారు 3 టి.ఎం.సి.లే. లెక్క తప్పినచో ముందుగా ఎండునది కాలువ మొదట నున్న పొలము కాదు, నాగాయలంక వైపు నున్న చివరి భూములు. సాఫ్ట్‌వేరు బృందములు పాటించు 'స్ప్రింట్ ప్రణాళిక'ను వివరించుటకు ఇంతకంటె దగ్గరి పోలిక మాకు తోచలేదు.

ఈ పద్ధతికి 'స్క్రమ్' అని పేరు. రగ్బీ ఆట నుండి వచ్చిన ఈ మాటను 1986లో తకెయుచి, నొనాకా అను జపాను పండితులు తమ వ్యాసమున వాడిరి. 1995లో జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ దానిని సాఫ్ట్‌వేరునకు అన్వయించి ప్రకటించిరి. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కూడి 'ఎజైల్' సూత్రములను వెలువరించిరి.

పనినంతయు ఒక్కమారు నెత్తిన వేసికొనక, నెలకు మించని గడువులుగా విభజింతురు. గడువు ఆరంభమున బృందమంతయు కూర్చుండి ఈ గడువు ఎందులకు, ఇందు ఏమి పూర్తి చేయగలము, ఎట్లు చేయుదుము అని నిర్ణయించుకొనును. నెల గడువైనను ఈ సమావేశము 8 గంటలు మించరాదు. చేయవలసిన పనుల పట్టికను 'బ్యాక్‌లాగ్' అందురు. (మన విద్యార్థులకు ఈ మాట వేరొక అర్థమున బాగుగనే తెలియును!) ఆ పట్టికను వరుసలో పెట్టువారు ప్రాడక్ట్ ఓనర్, ఎంత పని స్వీకరింపవలెనో చెప్పువారు మాత్రము పని చేయువారే. ఈ పద్ధతికి ప్రాణము ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము.

మన వంటి కళాశాలకు గ్రంథాలయ యాప్ నిర్మించు ఐదుగురిని ఊహింతము. రెండు వారములలో 10 పనిదినములు, అనగా 50 మనిషిదినములు. రంజాన్ పండుగకు 5, ఒకరింట పెండ్లికి 3 పోగా 42 మిగులును. పనుల పరిమాణమును పాయింట్లలో అంచనా కట్టుదురు. గత మూడు గడువులలో 21, 25, 20 పాయింట్లు పూర్తియైనవి, సగటు 22. సెలవుల మేర తగ్గించగా సుమారు 18. కోరిన పనులో, తెలుగు శీర్షికల అన్వేషణ 6, ఉర్దూ అన్వేషణ 8, జరిమానా లెక్క 4, ముఖచిత్రములు 7, ఫోను సందేశములు 5, మొత్తము 30.

ముప్పదియు చేసెదమని తలయూపుట సులభము. అప్పుడు ఏ పని జారిపోవును? కుడి నుండి ఎడమకు నడచు లిపి గనుక ఉర్దూ పని కొంత కఠినము. 'తరువాత చూతము' అని ప్రక్కకు నెట్టబడునది అదియే. కాలువ చివరి భూమి వలె ఉర్దూ పాఠకుడు ప్రతి గడువునను ఎదురుచూచుచుండును.

కావున బృందము ముందుగా లక్ష్యమును ఒక్క వాక్యమున వ్రాసికొనవలెను: "విద్యార్థి తెలుగున గాని ఉర్దూన గాని పుస్తకము వెదకి కనుగొనగలుగవలెను." దానికి 14 పాయింట్లు, జరిమానా లెక్కతో 18. ముఖచిత్రములు, సందేశములు మరుసటి గడువునకు పోవును. నడుమ చిక్కు వచ్చినచో వదలుకొనదగినది జరిమానా లెక్క, ఉర్దూ కాదు. ఉర్దూ చదువరి ఒకరు తెరపై అక్షరములను సరిచూచిన పిదపనే ఆ పనిని 'పూర్తి' యని గుర్తింతురు.