ఒరిగిన పందెపు నావ – దాని అడుగుపలక

విద్యార్థులారా, తెరచాప నావల పందెముల ఛాయాచిత్రములను మీలో పలువురు చూచియే యుందురు. వానిలో నావ నిటారుగా నుండదు. ఒక ప్రక్కకు ఒరిగి, అంచు నీటిని తాకుచుండగా పరుగెత్తుచుండును. చూచువారికి ఇప్పుడో ఇంకొక క్షణమునకో బోల్తాపడునేమో యనిపించును. అది బోల్తాపడదు సరికదా, గాలి వచ్చు దిక్కునకు ఏటవాలుగా ముందునకే సాగుచుండును. ఈ రెండు వింతలకును కారణమైన వస్తువు నీటిలో మునిగి మన కంటికి కనబడక యుండును.

నావ పొట్టక్రింద నిలువుగా దిగియుండు ఆ బరువైన పలకను ఆంగ్లేయులు ‘కీల్’ అందురు. మన తెలుగున కీలు అనగా అతుకు గనుక, పొరపాటు కలుగకుండుటకై ఈ పాఠమున మేము దానిని అడుగుపలక యనియే వ్రాయుచున్నాము.

గాలి ప్రక్కనుండి తెరచాపను త్రోయునప్పుడు నావకు రెండు ఆపదలు కలుగును. మొదటిది, నావ ముందునకు పోవుటకు మారుగా ప్రక్కకు జారిపోవుట. రెండవది, తలక్రిందులగుట. అడుగుపలక రెండింటిని అడ్డగింపవలెను. ఒక వెడల్పాటి కొలబద్దను నీటితొట్టిలో నిలువుగా ముంచి, దాని అంచు ముందుండునట్లు లాగుడు, తేలికగా వచ్చును. వెడల్పువైపు ముందుండునట్లు లాగుడు. నీరు గట్టిగా అడ్డగించును. అయితే అడుగుపలక కేవలము అడ్డగోడ కాదు. నావ తాను చూచు దిక్కునుండి కొద్ది డిగ్రీలు ప్రక్కకు జారుచు పోవుటవలన, నీరు పలకను కొంచెము వాలుగా తాకును. అప్పుడు విమానపు రెక్కకు గాలిలో కలుగునట్టి బలమే పలకకు నీటిలో కలిగి, నావను గాలి వచ్చు వైపునకు నెట్టును. బొత్తిగా జారని నావకు ఈ బలము లేదు.

రెండవ యాపదకు విరుగుడు బరువు. అందులకే పలక అడుగుభాగమున సీసము పోయుదురు.

ఇక ముఖ్యమైన సంగతి. నావ ఒరుగకున్నప్పుడు సీసము సరిగా నావ క్రిందనే యుండును. దానివలన నావను లేవనెత్తు బలము ఏమియు లేదు. నావ ఒరిగినకొలది అడుగుపలక గాలి వచ్చు వైపునకు ప్రక్కగా పోవును, సీసము త్రాసుకాడ చివర వ్రేలాడు గుండువలె పనిచేయ నారంభించును. సీసము నావ మధ్యమునకు 2 మీటర్ల క్రింద నున్నదనుకొందము. 30 డిగ్రీలు ఒరిగినప్పుడు అది ప్రక్కకు 1 మీటరు దూరము పోవును. అనగా బరువుయొక్క ఉపకారము ఒరుగుటతోపాటు పెరుగును.

పలకయొక్క రెండవ ఉద్యోగము మాత్రము ఇందులకు విరుద్ధముగా నడచును. 3 మీటర్ల లోతు దిగిన పలక 30 డిగ్రీలు ఒరిగినప్పుడు దాని నిలువులోతు 2.6 మీటర్లకు తగ్గును. దాని బలము సూటిగా ప్రక్కకు గాక కొంత మీదికి తిరిగి, ఆ కొంత జారుడును ఆపుటకు పనికిరాక పోవును. నావ ఎంత ఒరిగిన అంతగా నిలద్రొక్కుకొనును; ఎంత ఒరిగిన అంతగా జారును. ఒకే పలకకు రెండు పనులు అప్పగించుటవలన వచ్చిన చిక్కు ఇదియే. పందెపు నావలను కల్పించువారు తరతరములుగా పెనగులాడినది దీనితోనే.

మరియొక నష్టము కలదు. పలకకు ఒక వైపున నీటి ఒత్తిడి హెచ్చుగాను, రెండవ వైపున తక్కువగాను ఉండును. నీరు ఊరకుండునా? పలక క్రిందియంచు చుట్టును జారి తక్కువ వైపునకు పోవ యత్నించి, వెనుక సుడి కట్టును. ఆ సుడిని త్రిప్పుటకు ఖర్చగు శక్తి నావ వేగమునుండియే పోవును. ఈ నష్టము తగ్గుటకై పలకను క్రిందికి పోనుపోను సన్నముగా చేయుచుండిరి. కాని క్రింద సన్నమైనచో సీసము పోయుటకు చోటెక్కడిది? లోతు పెంచుదమన్నచో పందెపు నియమము హద్దు పెట్టెను.

ఈ చిక్కును విప్పిన నావలలో పేరుపొందినది ‘ఆస్ట్రేలియా 2’. అమెరికాకప్ అను పందెపు బహుమానము 1851లో ఇంగ్లాండునొద్ద వైట్ ద్వీపము చుట్టు జరిగిన పందెమున ‘అమెరికా’ యను నావ గెలిచినది. అది మొదలు 132 ఏండ్లు దానిని అమెరికావారినుండి ఎవరును తీసికొనలేకపోయిరి. 1983లో రోడ్ ఐలండ్ రాష్ట్రమునందలి న్యూపోర్ట్ ఎదుట సముద్రమున, జాన్ బెర్ట్రండ్ నడపిన ఈ ఆస్ట్రేలియా నావ డెనిస్ కానర్ నడపిన ‘లిబర్టీ’తో ఏడు పందెములు పోటీపడెను.

దానిని కల్పించిన బెన్ లెక్సెన్ 14వ యేట బడి విడిచి రైలింజన్ల పని నేర్వబోయినవాడు. అతని నావ అడుగుపలక పాత ఆచారమునకు తలక్రిందు. పైన కురుచ, క్రింద పొడవు. కావున సీసము మిక్కిలి క్రిందికి చేరెను. క్రిందియంచున ఇరుప్రక్కల కొంచెము క్రిందికి వాలిన రెండు రెక్కలు. ఇవి నీరు అంచు చుట్టి పోకుండ ఆపి సుడిని తగ్గించెను. మాకు అన్నిటికంటె సొగసుగా తోచునది వేరొకటి. నావ ఒరిగినప్పుడు ఒరిగిన వైపు రెక్క మరింత నిటారై లోతునకు దిగును. పెద్ద పలక పోగొట్టుకొన్న లోతులో కొంత చిన్న రెక్క తిరిగి తెచ్చియిచ్చును!

న్యూపోర్ట్‌లో నావను నీటినుండి ఎత్తినప్పుడెల్ల అడుగున గుడ్డతెరలు కట్టి దాచిరి. అమెరికావారు అభ్యంతరము చెప్పిరి. వారి వాదము తెలివితక్కువది కాదు: ఒరిగినప్పుడు లోతు పెరుగుచున్నది గదా, నియమము దాటినట్లే గదా యనిరి. కాని నియమము ప్రకారము నావను కొలుచుట నిటారుగా నిలిపియే. అభ్యంతరము నిలువలేదు. లిబర్టీ మొదట 3–1గా ముందుండెను. ఆస్ట్రేలియా 2 తక్కిన మూడును వరుసగా గెలిచి, సెప్టెంబరు 26వ తేదీని 41 సెకండ్ల తేడాతో కప్పును కైకొనెను.

రెక్కలే కప్పును గెలిచినవని పలువురు వ్రాసిరి. మేము అంతదూరము పోజాలము. ఏడవ పందెమున ఆ నావ లిబర్టీని దాటినది గాలి వెనుకనుండి వీచు దారిలో. అట్టి దారిలో నావ అంతగా ఒరుగదు. రెక్కలు నీటిలో రాపిడి పెంచు బరువే గాని యుపకారము కావు. అక్కడ పనిచేసినవి తెరచాపలును, గాలిని కనిపెట్టిన నావికుల కన్నులును. గాలికెదురుగా మలుపులు తిరుగు చివరి దారిలో మాత్రము ఆ పలక తన కూలి తాను సంపాదించుకొన్నదనవచ్చును.

ఈ కల్పన ఎవరిదను తగవును తరువాత బయలుదేరెను. నమూనాలను 1981లో హాలండు దేశపు వాగెనింగెన్ పట్టణమున పరీక్షాతొట్టిలో లాగి కొలిచిరి. అక్కడి శాస్త్రజ్ఞులు తమ పాలు పెద్దదనిరి. ఊహ ఎవరిదైనను, తొట్టిలో కొలువకున్నచో అది కాగితముపై గీతగానే మిగిలెడిదని మా యభిప్రాయము.

మన హైదరాబాదు హుస్సేన్‌సాగరమున పరుగెత్తు ఒంటరి మనిషి లేజర్ పడవలలో ఈ చిక్కు మరియొక రీతిని తీరినది. వాని నడిమి పలకకు సీసము లేదు. నడపువాడే అంచున కూర్చుండి, వెనుకకు వ్రేలాడి, తన దేహమునే త్రాసుగుండుగా చేయును. పడవను వీలైనంత నిటారుగా నుంచును. ఒంటరిగా భూగోళమును చుట్టివచ్చు వాందే గ్లోబ్ పందెపు నావలలోనైతే సీసపు అడుగుపలకనే యంత్రముతో గాలి వచ్చు వైపునకు త్రిప్పుదురు. అట్లు త్రిప్పిన పలక బరువుగా మిక్కిలి పనిచేయును గాని జారుడును ఆపజాలదు. కనుక ఆ పనికి వేరే పలకలను దించుదురు. రెండు ఉద్యోగములకు ఇద్దరు నౌకరులన్నమాట.

త్రికోణమితి నేర్చిన పై తరగతులవారు 10, 20, 30, 40 డిగ్రీలకు పై లెక్కను తామే కట్టి, లోతు నిలుచు భాగమును, బరువు ప్రక్కకు పోవు భాగమును ఒకే గళ్ళకాగితముపై రెండు గీతలుగా గీయవలెను. మొదటిది మొదట మెల్లగా దిగును, రెండవది మొదటనే చురుకుగా ఎక్కును. 20 డిగ్రీలయొద్ద లోతులో నూటికి ఆరు పాళ్ళు మాత్రమే పోవును, బరువు మాత్రము మూడవవంతు దూరము ప్రక్కకు చేరును. గాలికెదురుగా పోవునప్పుడు నావికులు కొంత ఒరుగుటకు వెనుదీయక, మిక్కిలి ఒరుగుటకు వెనుదీయుట ఎందులకో ఆ రెండు గీతలను చూచి తెలిసికొనవచ్చును.