కెలాడియం గడ్డలు చూరు కింద పెంచండి, చాకీ గదిలో కాదు

రంగు ఆకుల గడ్డ మొక్క కెలాడియం గురించి ఈసారి. దక్షిణ అమెరికా మొక్కే గానీ మన చామ, కంద కుటుంబమే. చామ పెంచిన చేతికి ఇది కష్టం కాదు.

మన కోలారు, హోసూరు పక్క చలి దీనికి పడదు. మార్చిలో ఎండ ముదిరినాక నాటాల. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు కలిపి, అడుగున బొక్క ఉండే కుండీలో కన్ను పైకి పెట్టి రెండంగుళాల లోతులో పూడ్చండి. కన్ను ఎటుందో తెలియకపోతే అడ్డంగా పెట్టినా పైకొస్తుంది. మొలక కనపడేదాకా నీళ్ళు కొంచెమే, ఎక్కువైతే గడ్డ కుళ్ళుతుంది. ఆకు విచ్చినాక మాత్రం మట్టి ఎండనీయకండి. చూరు కింద గానీ షేడ్ నెట్ కింద గానీ పెట్టాల, నడి ఎండకు ఆకు మాడుతుంది.

వెచ్చదనం, తేమ కావాలంటే చాకీ గదే మేలు కదా అని కొందరంటారు. 27, 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ, నిజమే, మొక్కకు స్వర్గం. కానీ తడి మట్టిలో బూజు ఉంటుంది, అది చిన్న పురుగులకే ముందు తగులుతుంది. కుండీని ఆ గది గడప దాటించొద్దు. కుండీ ముట్టిన చేత్తో తట్టలు ముట్టొద్దు. బెడ్ తీసిన చెత్తను పచ్చిగా కుండీలో వేసేది కూడా మానుకోండి. పాలరోగం అందులోనే ఉంటుంది. గుంతలో వేసి, బాగా మాగి పొడి పొడిగా అయినాకే వాడాల.

ఇక మందులు. ఆకుమీద పేను కనపడితే పొగాకు కషాయం కొట్టమని ఎవరైనా చెప్తారు. మన ఇంట్లో అది చేస్తే పంటే పోతుంది. పొగాకు, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి గాలికి మల్బరీ ఆకుమీద పడినా పురుగు తట్టుకోదు. నీళ్ళు గట్టిగా చల్లి కడగండి, చాలు. పోకపోతే ఆ ఆకు తుంచి పారేయండి. పది ఆకుల కోసం వంద గుడ్ల పంట పణం పెట్టేదా?

మందారం కుండీ మాత్రం తోట పక్కన వద్దే వద్దు. తుక్రా తెచ్చే పిండినల్లి దానిమీద కూడా బతుకుతుంది.

నవంబరులో ఆకులు పసుపెక్కుతాయి. చచ్చిందని పారేయకండి, నిద్రకు పోతా ఉంది. నీళ్ళు ఆపి, గడ్డ తీసి నీడన ఆరబెట్టి, పొడి ఇసుకలో దాచండి. ఫిబ్రవరి కడపట పిసికి చూస్తే గట్టిగా ఉన్నది బాగుంది, మెత్తబడింది పారేయాల.

ఈ ఆకు, గడ్డ నోట్లో పెడితే దురద, వాపు. పిల్లలకు, మేకలకు అందనంత ఎత్తులో పెట్టండి.