ముక్కును ఒక్కదాన్నే నమ్ముకోకు

ముదలియార్‌పేట, పుదుచ్చేరి

చిరంజీవి మేనల్లుడికి,

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ప్లాంట్ ఆపరేటర్‌గా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. యానాం నుంచి వచ్చి, ఇక్కడి తేంగాయ్‌తిట్టు హార్బరు పడవలకు ఐసు చేసే ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. "కాస్త అమోనియా వాసన మామూలేలే" అని ఎవరన్నా ఒప్పుకోకు.

అమోనియా కొద్దిగా ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. కానీ అందులోనే తిరుగుతుంటే ముక్కు మొద్దుబారిపోతుంది. ఎనిమిది గంటల డ్యూటీకి 25 పీపీఎం దాటకూడదు, 300కు చేరితే ప్రాణాపాయం. బయటి నుంచి వచ్చిన హమాలీ ముక్కు మూసుకున్నాడంటే లీకు ఉన్నట్టే లెక్క.

ఎర్ర లిట్మస్ కాగితం జేబులో ఉంచుకో, తడిపి పట్టుకుంటే గ్యాస్ తగిలి నీలమవుతుంది. వాల్వు గ్లాండ్లు, ఫ్లాంజి జాయింట్లు, కంప్రెసర్ షాఫ్ట్ సీలు రోజూ చూడు. వెలిగించిన గంధకం పుల్ల పెడితే లీకు దగ్గర తెల్లటి పొగ లేస్తుంది. అది చిన్న లీకులకే సుమా! గాలిలో అమోనియా 15 నుంచి 28 శాతం ఉంటే అంటుకుంటుంది. కళ్లు మండుతుంటే పుల్ల వెలిగించకుండా బయటికి వచ్చెయ్.

వాసనే రాని లీకు ఇంకా చెడ్డది. ఐసు ప్లాంటులో కాయిల్‌కు చిల్లుపడితే గ్యాస్ దాని చుట్టూ ఉన్న ఉప్పునీళ్లలో కరిగిపోతుంది, పైకి ఏమీ తెలియదు. ఆ నీళ్లలో నెస్లర్ ద్రావణం చుక్కలు వేస్తే పసుపురంగు వస్తుంది, లీకు ఎక్కువైతే గోధుమరంగుకు తిరుగుతుంది. మీ దగ్గర ఉప్పునీళ్ల తొట్టి లేకపోయినా కండెన్సర్ నీళ్లుంటాయి, వాటినీ పరీక్షించు.

డిటెక్టరు పైకప్పు దగ్గర ఉండాలి, అమోనియా గాలికంటే తేలిక. అయితే ద్రవం ఒలికితే మాత్రం చల్లటి ఆవిరి తెల్లటి మంచులా నేలబారునే పాకుతుంది, తేలికదే కదా అని ధీమాపడకు. ఆయిల్ డ్రెయిన్ చేసేటప్పుడు వాల్వు తెరిచి టీకి కూడా పక్కకు వెళ్లొద్దు. ఎందరో అక్కడే దెబ్బతిన్నారు.

2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర పాల డెయిరీలో అమోనియా లీకై 14 మంది కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. అందుకే మీ హమాలీల గురించి నాకు బెంగ. గ్యాస్ వస్తే గాలివాలుకు అడ్డంగా పరుగెత్తాలని వాళ్లకు ఎవరు చెప్పారు? షెడ్డు మీద గాలి దిక్కు చూపే గుడ్డ ఉందా? లేకపోతే ఓనరుగారిని అడిగి ఈ వారమే కట్టించు, కట్టాక నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య