మిగులు ఎవరికి? – ఒక కొత్త చదువు పరిచయం

డిగ్రీ తరువాత ఏం చదువుతున్నారని ఊళ్లో అడిగితే మేము ఇప్పటికీ తడబడతాం. “బి.ఇడి.యా? గ్రూప్స్ కోచింగా?” అని వాళ్లే మాట అందిస్తారు. మా ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. కాబట్టి ఈ పేరు వాళ్లకు కొత్తగా ఉండటంలో వింత లేదు. మేము చదివేది సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్. తెలుగులో ‘సామాజిక వ్యవస్థాపకత’ అని రాస్తున్నారు గాని ఆ మాట ఎవరి నోటా ఆడటం లేదు. సమాజంలోని ఒక సమస్యను తీర్చడానికి నడిపే వ్యాపారం అనుకుంటే చాలు. విరాళాల మీదే ఆధారపడకుండా అది తన ఖర్చు తాను సంపాదించుకోవాలి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 2007లో ఈ విషయంలో రెండేళ్ల ఎం.ఏ. మొదలుపెట్టింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇందులో మాకు బాగా పట్టుబడిన పాఠం ఒక్కటే చెబుతాం. ఖర్చులు పోగా మిగిలింది ఎవరి చేతికి పోతుంది? ఏ సంస్థ గురించి చదివినా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి ప్రారంభించారు. డబ్బు కట్టగలిగినవారు కడతారు. ఆ మిగులుతో పేదవారికి ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. అదెలా గిట్టుబాటవుతుంది? రోజుకు ఐదు ఆపరేషన్లు చేసినా యాభై చేసినా థియేటరు, యంత్రాల ఖర్చు ఒక్కటే. సంఖ్య పెరిగితే ఒక్కో ఆపరేషన్ మీద పడే ఖర్చు తగ్గుతుంది. అందుకే డాక్టరు ఒకరికి ఆపరేషన్ చేస్తుండగానే పక్క బల్ల మీద తరువాతి రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. ఆ పనిలో ఎక్కువమంది ఇంటర్ చదివి అక్కడే శిక్షణ పొందిన పల్లెటూరి అమ్మాయిలు. (చెల్లెళ్లు ఈ వాక్యం మరోసారి చదవాలి.) కంటిలో అమర్చే లెన్సు దిగుమతి చేసుకుంటే ఖరీదు ఎక్కువని 1992లో ఆరోలాబ్ పెట్టి తామే తయారుచేయసాగారు. నడిపేది ట్రస్టు కనుక మిగులు పంచుకునే వాటాదారులు లేరు.

ఇక మన దగ్గరి సంగతి. 1997లో విక్రం ఆకుల స్వచ్ఛంద సంస్థగా మొదలుపెట్టిన ఎస్.కె.ఎస్. పేద మహిళలకు గుంపులుగా చిన్న అప్పులు ఇచ్చేది. తరువాత అది కంపెనీ అయింది. 2010 ఆగస్టులో దాని షేర్లు స్టాక్ మార్కెట్‌కు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో, అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయన్న ఆందోళన మధ్య, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలన్నిటికీ వర్తించేలా ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్లు పోయి నెలవారీ కిస్తులు వచ్చాయి. వసూలు ఇంటి గుమ్మంలో కాదు, పంచాయతీ ఆఫీసు వంటి బహిరంగ స్థలంలోనే చేయాలన్నారు. దీని మీద మా తరగతిలో రెండు రోజులు వాదన జరిగింది. మార్కెట్ పెట్టుబడి లేకుండా లక్షల మందికి అప్పు ఎక్కడినుంచి తెస్తారని కొందరన్నారు. ఆ మాటలో నిజం ఉంది. కాని అప్పు తీసుకునేది ఒకరు, షేరు ధర పెరగాలని చూసేది మరొకరు అయినప్పుడు కంపెనీ ఎవరి మాట వింటుంది? మా అమ్మలు గుంపులో కూర్చుని కిస్తు కట్టినవాళ్లే. అందుకని మాకిది పుస్తకంలోని కేసుగా మాత్రమే కనిపించలేదు.

ముల్కనూరు దారి వేరు. అప్పటి కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి హనుమకొండ జిల్లాలో ఉన్న ఆ ఊళ్లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో రైతుల సహకార సంఘం ఏర్పడింది. అప్పు ఇస్తుంది, ఎరువు అమ్ముతుంది, పంట కొంటుంది, విత్తనాలు శుద్ధి చేస్తుంది. మిగిలింది బోనసుగా సభ్యులకే వస్తుంది. 2000లో అక్కడే మహిళల పాల డెయిరీ మొదలైంది. పాలు పోసేవారే యజమానులు. పాలకవర్గం నచ్చకపోతే ఎన్నికల్లో మార్చుకోగలరు. దీనికి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తోడ్పడింది. ప్రభుత్వ వాటా ధనం తీసుకోకుండా, అధికారుల పెత్తనం లేకుండా సంఘం నడుపుకోవచ్చని అందులో ఉంది.

ట్రస్టు, కంపెనీ, సహకార సంఘం – పరీక్షలో ఇవి రెండు మార్కుల ప్రశ్నలు. అసలు తేడా బైలాలో మిగులు పంపకం గురించి రాసిన చోట ఉంటుంది.

వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ సంఘం పాసు పుస్తకం తీసి చూడండి. ఎంత అప్పు, ఎంత వడ్డీ, ఎంత పొదుపు, ఆ పొదుపు మీద ఏం వచ్చింది అని నాలుగు వరుసల్లో రాయండి. లెక్క తేలకపోతే దసరాకు మేము ఊళ్లోనే ఉంటాం, పుస్తకం పట్టుకు రండి.