గృహస్థునకు యోగాభ్యాసము

భగవత్కైంకర్యమునకు శరీరము కావలెను. కోవెలకు నడచిపోవుటకు కాళ్లలో బలము, సన్నిధిని సాగిలపడి లేచుటకు నడుములో పటుత్వము, సహస్రనామ పారాయణము ఆయాసము లేక సాగుటకు చాలినంత ఊపిరి ఉండవలెను. జీవుడు శేషుడు, భగవంతుడు శేషి అని శ్రీవైష్ణవ సిద్ధాంతము. అట్లగుటచే ఈ దేహమును స్వామి సొత్తే. పరుల సొత్తు చేతనున్నవాడు దానిని పాడుచేయరాదు. అక్కరకు వచ్చునట్లు కాపాడి ఉంచవలెను. కనుక భక్తుడు తన ఆరోగ్యమును కాపాడుకొనుట స్వార్థము గాదు, కైంకర్యములో ఒక భాగమే.

ఇందులకు పెద్దలు చూపిన మార్గములలో యోగాభ్యాసము ముఖ్యమైనది. అయినను దీనినిగూర్చి మూడు పొరపాటు తలంపులు గృహములందు కలవు. యోగము అడవులలోని మునులకేగాని సంసారులకు గాదని కొందరందురు. ప్రపత్తి చేసినవానికి యోగముతో పనిలేదని మరికొందరందురు. ఇక మూడవ తెగవారు బొమ్మల పుస్తకమొకటి కొని, మొదటినాడే శీర్షాసనమునకు పూనుకొని, నాలుగవనాడు మెడ పట్టుకొని, నెల తిరుగకముందే అంతయు విడిచిపెట్టుదురు. ఈ మూడింటిని క్రమముగ విచారింతము.

యోగము సంసారికి తగునా?

భగవద్గీతలో యోగమును విస్తరించి చెప్పినది ఆరవ అధ్యాయము. అందు 47 శ్లోకములు కలవు. ఆ ఉపదేశమును పొందిన అర్జునుడు సన్న్యాసి గాడు. భార్యాపుత్రులు, రాజ్యము, యుద్ధభారము గల గృహస్థుడు. భగవానుడు అతనికి శుచియైన చోటు చూచుకొనుమనియు, మిక్కిలి ఎత్తుగాని పల్లముగాని కాని ఆసనమున కూర్చుండుమనియు, మేనును మెడను తలను నిటారుగ నిలుపుమనియు బోధించెను. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి ఉన్నది. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతినిద్ర గలవానికిని, నిద్రను చెరచుకొనువానికిని యోగము కుదురదనెను. ఆహారము, విహారము, పని, నిద్ర, మెలకువ మితముగ నున్నవానికే అది దుఃఖమును పోగొట్టునని చెప్పెను. వంటయిల్లును, పడకయు, ఉద్యోగమును గల గృహస్థునకే ఈ మాట సూటిగ తగులును.

మనస్సు గాలివలె పట్టువడదని అర్జునుడు మొరపెట్టుకొన్నప్పుడు భగవానుడు ఆ మాటను కాదనలేదు. నిజమే యని ఒప్పుకొని, అభ్యాసముచేతను వైరాగ్యముచేతను అది లోబడునని ధైర్యము చెప్పెను. ప్రారంభించి విఫలుడైతినని దిగులుపడువారికి ఇది పెద్ద ఊరట.

నాథమునుల యోగము

ప్రపన్నునకు యోగము అక్కరలేదను మాటకు గురుపరంపరయే సమాధానము చెప్పుచున్నది. ఆళ్వారుల నాలాయిర దివ్యప్రబంధమును లోకమునకు తిరిగి అందించిన శ్రీమన్నాథమునులు మహాయోగి. ఆయన యోగరహస్యమను గ్రంథమును రచించెనని సంప్రదాయము. ఆ గ్రంథపు ప్రాచీన ప్రతి నేడు లభించుట లేదు. నాథమునులు తమ యోగవిద్యను కురుకై కావలప్పన్ అను శిష్యునకు అనుగ్రహించిరి. ఆయన దానిని నాథమునుల పౌత్రులగు యామునాచార్యులకు ఉపదేశింప నంగీకరించి, ఒక దినమును, ముహూర్తమును వ్రాసియిచ్చి, ఆ వేళకు రమ్మనెను. యామునాచార్యులు అనంతపద్మనాభుని సేవింప తిరువనంతపురమునకు వెళ్లియుండగా ఆ పత్రమును తెరచి చూచిరి. పేర్కొన్న దినము అదియే! మార్గమా బహుదూరము. రెక్కలున్నను చేరలేమని వారు పరితపించిరి. ఆ విధముగ ఆ యోగము పరంపరలో ముందునకు సాగలేదు.

ఆచార్యులకు లోపమంటగట్టుటకు ఈ వృత్తాంతమును చెప్పుకొనుట లేదు. ప్రపత్తిమార్గమును లోకమున ప్రతిష్ఠించుటకై భగవంతుడే ఇట్లు సంకల్పించెనని పెద్దల అభిప్రాయము. ప్రపన్నునకు మోక్షోపాయము భగవంతుడే. యోగము మోక్షోపాయముగ అతనికి విధింపబడలేదు. కాని కైంకర్యమునకు దేహమును సిద్ధముగ నుంచుకొనుటకు దానిని ఆశ్రయించుటలో దోషము లేదు. సామాన్య గృహస్థునకు ఇందు మరియొక హెచ్చరికయు కలదు. యోగమునకు వేళ ఒకటి ఉండును. ఆ వేళ మనకై వేచియుండదు. రేపు చేయుదమనుకొన్నవాని యోగము ఎన్నటికిని రేపుననే యుండును.

అనంతుని ఆదర్శము

పతంజలి మహర్షి యోగసూత్రములు నాలుగు పాదములు గలవి. యమము, నియమము, ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి అని యోగమునకు ఎనిమిది అంగములు. ఆసనము మూడవదని గమనింపవలెను. సత్యము, అహింస, శుచి, సంతుష్టి మొదలగునవి దానికి ముందున్నవి. కోపముతో ఇల్లాలిని కసరి, ఆ వెంటనే పద్మాసనము వేసినవాడు రెండు మెట్లు దాటి మూడవ మెట్టుపై కాలు మోపజూచువాడు. సాధనకు కలుగు విఘ్నములను లెక్కించుచు మహర్షి మొట్టమొదట పేర్కొన్నది వ్యాధిని. ఆరోగ్యము యోగమునకు పరమప్రయోజనము గాకపోయినను, అది లేనిదే ముందుకు సాగుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

ఆసనమునుగూర్చి మహర్షి చెప్పినవి మూడు సూత్రములే. కూర్చున్న తీరు కదలక నిలువవలెను, సుఖముగను ఉండవలెను; బలవంతపు ప్రయత్నమును సడలించి మనస్సును అనంతునియందు నిలుపవలెను; అప్పుడు శీతోష్ణాది ద్వంద్వములు బాధింపవు - ఇది వాని సారాంశము. ఇచ్చటి అనంత శబ్దమునకు ఆదిశేషుడని వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. ఇది వైష్ణవులకు మిక్కిలి ప్రియమైన అర్థము. ఆదిశేషుడు పడగలపై భూభారమును కదలనీయక మోయును. అదే మేనిని స్వామికి మెత్తని పానుపుగ పరచును. దృఢత్వము, మార్దవము ఒక్కచోటనే యున్నవి. తిరుమల కొండ శేషాచలమై అట్లే స్వామిని మోయుచున్నది. పండ్లు బిగబట్టి, మొగము ఎఱ్ఱబారి, వణకుచు నిలుపు భంగిమ ఎంత చూడముచ్చటగ నున్నను అది ఆసనము గాదు.

ఇంటిలో అభ్యాసక్రమము

వేకువ సమయము శ్రేష్ఠము. కాలకృత్యములు తీర్చుకొని, పరగడుపున, గాలివచ్చు చోట చాపయో మడచిన దుప్పటియో పరచుకొనవలెను. వేకువ కుదురనివారు సాయంసంధ్యకు ముందు చేయవచ్చును. కాని భోజనము చేసి మూడు నాలుగు గంటలు గడచి యుండవలెను. వేళ ఏదైనను ప్రతిదినము అదియే కావలెను. ప్రారంభించువారికి అరగంట చాలును. వారమునకొకమారు రెండుగంటలు చేయుటకంటె ప్రతిదినము పావుగంట చేయుట మేలు. చిరకాలము, ఎడతెగక, ఆదరముతో చేసిన అభ్యాసమే పాదుకొనునని పతంజలి మతము.

మొదట నిటారుగ నిలిచి, ఊపిరి పీల్చుచు రెండు చేతులను మెల్లగ పైకెత్తి, విడుచుచు దింపవలెను. ఇట్లు ఆరు మారులు. పిదప ఊపిరి విడుచుచు నడుము వంచి చేతులు ఎంతవరకు అందునో అంతవరకే దింపి, పీల్చుచు లేవవలెను. మోకాళ్లు కొంచెము వంగినను తప్పులేదు. తరువాత బోరగిల పండుకొని, అరచేతులు రొమ్ము ప్రక్కల నుంచి, పీల్చుచు తలను రొమ్మును కొంచెమెత్తుట భుజంగాసనము. బొడ్డు నేలనే యుండవలెను. పిమ్మట వెల్లకిల పండుకొని, ఊపిరి విడుచుచు మోకాళ్లను కడుపు దగ్గరకు తెచ్చుకొన్నచో నడుము సేదదీరును. తుదకు అవయవములన్నిటిని సడలించి అయిదు నిముషములు శవాసనమున నుండవలెను. పనితొందరలో దీనిని విడిచిపెట్టువారు పలువురు, ఇది విడువరానిది.

వీనిలో నియమమొక్కటే: మేను ముందునకు వంగునప్పుడు ఊపిరి విడువవలెను, చేతులు లేచునప్పుడును రొమ్ము విచ్చుకొనునప్పుడును పీల్చవలెను. ఊపిరి ముందు నడచి, అవయవము దాని వెంట నడవవలెను.

ఆపైన సుఖాసనమున కూర్చుండి ప్రాణాయామము చేయవలెను. సంధ్యావందనమున ప్రాణాయామము విధింపబడియే యున్నది. దానిని ముక్కు తాకి ముగించుటకు బదులు నిదానముగ చేసినచో ఆ వేళకు యోగమును సిద్ధించును. మంత్రసహితమగు ప్రాణాయామమునకు సగర్భమని పేరు. స్త్రీలు, పిల్లలు, ఇతరులు గోవింద నామమునే కొలతగ పెట్టుకొనవచ్చును. రెండుమారులు మనస్సులో గోవిందా యనుకొనునంతసేపు పీల్చి, మూడుమారులు అనుకొనునంతసేపు విడువవలెను. ఊపిరిని బిగబట్టు కుంభకమును గురువు ఎదుట లేక చేయరాదు.

గృహకృత్యములందును యోగమున్నది. నేలపై బాసిపట్లు వేసికొని భుజించుట, వంగి ముగ్గు వేయుట, స్వామికి సాష్టాంగము చేయుట, ప్రదక్షిణము చేయుట - ఇవన్నియు కీళ్లను ఎండిపోకుండ కాపాడును. బల్లలకును కుర్చీలకును అలవాటుపడి మనము పోగొట్టుకొన్నది కొంత ఉన్నది.

మితమే రక్ష

వ్యాయామమును తన బలములో సగమునకే చేయవలెనని సుశ్రుత, వాగ్భటాది వైద్యాచార్యులు శాసించిరి. సగము బలము వ్యయమైనదని తెలియుటెట్లు? నుదుట చెమటపట్టి, ముక్కుతో చాలక నోటితో గాలి పీల్చవలసి వచ్చినచో అదియే గుర్తు. అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3550 మెట్లు కలవు. కాలినడక యాత్రికుడు నోరు తెరచి రొప్పుచున్నచో అచ్చట ఆగి కూర్చుండి, ఊపిరి కుదుటపడు దనుక నామస్మరణ చేయవలెను. పరుగెత్తి ముందుగ చేరినవానికి స్వామి అధిక ఫలమీయడు. ఆహారమునందును ఇదియే నియమము. కడుపులో రెండు పాళ్లు అన్నమునకు, ఒక పాలు నీటికి, ఒక పాలు వాయువునకు విడువవలెనని వాగ్భటుని మతము.

రక్తపుపోటు, హృద్రోగము, కంటిలో ఒత్తిడి, మెడయెముకల నొప్పి గలవారు శీర్షాసన సర్వాంగాసనముల జోలికి పోరాదు. గర్భిణులును, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారును వైద్యుని అడిగియే ప్రారంభింపవలెను. మోకాళ్ల నొప్పి గలవారు వజ్రాసనమునకు బదులు పీటపైగాని కుర్చీపైగాని కూర్చుండవచ్చును. యోగము చేయుచున్నామని మధుమేహమునకో రక్తపుపోటునకో వాడు మందును తమంతట తాము మానుట ప్రమాదకరము. మందును యోగమును విరోధులు గావు.

అందరికిని ఒకే అభ్యాసము తగదు. తిరుమలై కృష్ణమాచార్యులవారు (1888-1989) కన్నడ దేశమున శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించి, తాము నాథమునుల వంశజులమని చెప్పుకొనిరి. 1930ల నుండి మైసూరు మహారాజు ప్రాపున యోగశాల నడపి, 1934లో కన్నడమున యోగమకరందమును ప్రకటించిరి. పిదప మదరాసున గృహస్థులకు ఒక్కొక్కరికి వేర్వేరుగ, వారి వయస్సును, బలమును, వృత్తిని, వ్యాధిని చూచి నేర్పిరి. కాబట్టి బొమ్మ చూచి నేర్చుకొనుటకంటె, ఎరిగినవారి యొద్ద కొన్ని దినములు కూర్చుండి తనకు తగినదానిని తెలిసికొని, పిదప ఇంట కొనసాగించుట క్షేమము.

తిరుమలనంబి చూపిన దారి

యామునాచార్యుల శిష్యులును, భగవద్రామానుజుల మేనమామయునగు తిరుమలనంబి ప్రతిదినము పాపవినాశనము నుండి తీర్థమును కుండతో మోసికొనివచ్చి స్వామికి సమర్పించెడివారు. ఎండ, వాన, చలి వారి నియమమును ఆపలేదు. వారి అభ్యాసము ఆ నడకయే. వారు వృద్ధులైన పిదప ఒకనాడు స్వామి వేటగాని వేషమున అడ్డువచ్చి, తాతా యని పిలిచి దాహమడిగి, కుండలోని తీర్థమును త్రాగి, ఖిన్నుడైన భక్తునకు చేరువలోనే ఆకాశగంగను చూపెనని ఐతిహ్యము. తిరుమలలో జరుగు తన్నీరముదు ఉత్సవము నేటికిని ఈ ఘట్టమును స్మరింపజేయుచున్నది.

ఇందు గృహస్థునకు రెండు పాఠములు కలవు. శక్తి యున్నన్నాళ్లు నియమమును తప్పరాదు. శక్తి తగ్గినప్పుడు తగ్గించుకొనుటకు సిగ్గుపడరాదు. దూరపు తీర్థమును దగ్గరకు తెచ్చిన స్వామియే వృద్ధుని పావుగంట అభ్యాసమును, కుర్చీలో కూర్చుండి చేసిన ప్రాణాయామమును పూర్ణముగ స్వీకరించును. ఆయన చూచునది ఆసనముల సంఖ్యను గాదు, వేళ తప్పని ఆదరమును.

శేషాచలవాసుడు మన గృహములందు మితమును, నియమమును, ఆరోగ్యమును నిలిపి, కడదాక తన కైంకర్యమునకు మన కరచరణములను సమర్థములుగ నుంచుగాక!